స్తనమందలి రాచకురుపు: ఇంటిపేరు నెఱుగని వారసత్వము

మన పెద్దలు రాచకురుపనియు రాచపుండనియు చెప్పుచు వచ్చిన వ్యాధిని నేడు పల్లెలయందును క్యాన్సర్ అనియే పిలుచుచున్నారు. పేరు మాఱినను దానియెడ గల భయము మాఱలేదు. స్త్రీలకు స్తనమునందు పుట్టెడి యీ కురుపును గూర్చి మన పెద్దతిప్పసముద్రపు చుట్టుపట్ల యిండ్లలో గొంతెత్తి మాటలాడువారు అరుదు. తల్లికి వచ్చినచో కూతురికి చెప్పరు. కూతురికి వచ్చినచో వియ్యాలవారికి తెలియనీయరు. "ఆ యింటిలో ఆ జబ్బున్నది" అను మాట పొక్కినయెడల ఆ యింటి పిల్లలకు సంబంధములు కుదురవను భయమే యిందుకు కారణము. ఈ భయములో చాల అబద్ధమును, కొంచెము నిజమును కలిసియున్నవి. అబద్ధమును నమ్మి నిజమును దాచుకొనుటవలన ప్రాణములు పోవుచున్నవి గనుక ఆ రెంటిని వేఱుచేసి చూపుటకు ఈ వ్యాసమున ప్రయత్నించుచున్నాను.

ముందుగా అబద్ధమును తీసివేయుదము. ఈ వ్యాధి అంటు రోగము కాదు. ఒకరి బట్ట తాకినను, ఒకరి కంచమున భుజించినను మఱియొకరికి రాదు. ఇది శాపము కాదు. ఎవరి పాపమునకును ఫలము కాదు. మన దేశమున సుమారు 29 మంది స్త్రీలలో ఒకరికి జీవితకాలములో ఎప్పుడో ఒకప్పుడు స్తనమందు క్యాన్సర్ పుట్టుచున్నదని రిజిస్ట్రీల లెక్క. అట్టివారు నూఱుమంది యుండినచో, వారిలో తొంబదిమందికి పైగా తలిదండ్రులనుండి వచ్చిన యే గట్టి లోపమును లేకయే ఆ వ్యాధి పుట్టినది. కావున ఒక యింటిలో ఒక ముసలమ్మకు ఈ వ్యాధి వచ్చినంతమాత్రమున ఆ యింటి ఆడపిల్లల నందఱిని వేలెత్తి చూపుట తెలివితక్కువ.

ఇక నిజము. మిగిలిన అయిదు మొదలు పదిమంది వఱకు గల స్త్రీలకు ఈ వ్యాధి వంశమున దిగివచ్చినదే. వచ్చునది వ్యాధి కాదు. వ్యాధిని అడ్డగించు కావలి యొకటి లోపించుట. ఈ భేదమును చక్కగా గ్రహించినవారికి తక్కినదంతయు సులభముగా బోధపడును.

మన సీమవారికి చెఱువు సంగతి చెప్పనక్కఱలేదు. పెద్దతిప్పసముద్రమను పేరిలోని సముద్రము ఉప్పునీటి సముద్రము కాదు. ఈ ప్రాంతమున పెద్ద చెఱువునకు ఆ మాట వాడుక. ప్రక్కనున్న ములకలచెఱువు పేరులో చెఱువే యున్నది. చెఱువునకు నీరుగంటి యుండును. వానకాలమున కట్టపై తిరుగుచు, ఎలుక బొఱియలను పూడ్చుచు, నీరు జాలువాఱుచున్న చోట మన్ను వేయుచుండుట అతని పని. ఇప్పుడు ఒక దేశమున లక్షలకొలది చెఱువులున్నవనియు, ఒక్కొక్క చెఱువునకు ఇద్దఱేసి నీరుగంట్లున్నారనియు అనుకొనుడు. ఒకడు పోయినను రెండవవాడు కట్టను కాపాడును. ఒకే చెఱువుకు ఇద్దఱును లేకపోవుట ఎన్నడో గాని జరుగదు.

మన శరీరమందలి జీవకణములే యా చెఱువులు. కణములో 23 జతల క్రోమోజోములను సన్నని దారపుచుట్టలు కలవు. ప్రతి జతలోను ఒకటి తండ్రి యిచ్చినది, ఒకటి తల్లి యిచ్చినది. వానిపై డి.ఎన్.ఏ. అను రసాయనపు లిపిలో సుమారు 300 కోట్ల అక్షరములు వ్రాయబడియున్నవి. అందు ఒక్కొక్క పనికి సంబంధించిన భాగమును జన్యువందురు. తల్లి యిచ్చిన ప్రతి యొకటి, తండ్రి యిచ్చిన ప్రతి యొకటి, వెరసి జన్యువులు రెండేసి యుండును. మనము చెప్పుకొనుచున్న వ్యాధికి ముఖ్యముగా సంబంధించినవి రెండు జన్యువులు: 17వ క్రోమోజోముపైనున్న బి.ఆర్.సి.ఏ. 1, 13వ దానిపైనున్న బి.ఆర్.సి.ఏ. 2. ఇవి క్యాన్సర్ పుట్టించు జన్యువులని పత్రికలలో తఱచుగా వ్రాయుచుందురు. అది తలక్రిందులైన మాట. అవి క్యాన్సర్ పుట్టకుండ కాపాడు నీరుగంట్లు. అవి చెడిపోయినపుడే ప్రమాదము.

వాని పని యేమి? డి.ఎన్.ఏ. రెండు పేటల త్రాడు. కణము విభాగము చెందునపుడు గాని, శరీరములోని వేడిమి, రసాయనములు, వికిరణముల తాకిడివలన గాని ఆ త్రాడు అప్పుడప్పుడు తెగుచుండును. ఒక పేట తెగినచో బాగుచేయుట తేలిక. రెండు పేటలును ఒకే చోట తెగినచో చిక్కు. అప్పుడు కణము మంచి లేఖకుడు చేయునట్టి పనియే చేయును. తాళపత్రము చినిగినయెడల అతడు రెండవ ప్రతిని తెచ్చి, అందు చూచి, పోయిన అక్షరములను ఉన్నవున్నట్లు వ్రాయును గదా. అటులనే బి.ఆర్.సి.ఏ. 2 వలన తయారైన మాంసకృత్తు రాడ్ 51 అను మఱియొక మాంసకృత్తును తెగిన కొసకు చేర్చును. ఆ కొస ప్రక్కనున్న మంచి ప్రతిలో తనకు సరిపడు భాగమును వెదకి పట్టుకొని, దానిని చూచి తన లోపమును పూరించుకొనును. బి.ఆర్.సి.ఏ. 1 ఈ పనికి దారితీసి తెగిన కొసలను సిద్ధపఱచును. ఈ రెంటిలో ఏది లేకపోయినను కణము తెగిన కొసలను చేతికందినట్లు అతికించివేయును. అక్షరములు కొన్ని ఎగిరిపోవును. ఒక క్రోమోజోము ముక్క మఱియొకదానికి అంటుకొనును. ఇట్లు తప్పులపై తప్పులు పేరుకొనగా, కణముయొక్క పెరుగుదలను అదుపులో నుంచెడి ఇతర జన్యువులు కూడ, ముఖ్యముగా టి.పి. 53 అనునది, చెడును. ఇక ఆ కణమునకు ఆగుమన్నను ఆగుట తెలియదు. అదియే కురుపు.

వంశమున లోపమున్నవారి సంగతి యిది: వారికి పుట్టుకతోనే ప్రతి చెఱువునకును నీరుగంటి యొక్కడే. ఆ యొక్కడు పనిచేయుచున్నంతకాలము ఆ కణము ఆరోగ్యముగనే యుండును. పిల్ల పుట్టును, పెరుగును, చదువుకొనును, పెండ్లాడును. ఏ లోపమును పైకి కానరాదు. కాని లక్షలకొలది చెఱువులలో ఏదో యొకదానియందు ఆ మిగిలిన యొక్కడును పోవుటకు అవకాశమెక్కువ. స్తనమందలి కణములు నెలనెలకును శరీరములోని హార్మోనుల ప్రేరణచే వృద్ధిపొందుచుండును గనుక అచ్చట తెగుళ్లును ఎక్కువ. ఇందువలననే వంశపు లోపమున్నవారికి ఈ వ్యాధి చిన్న వయస్సుననే, ముప్పది నలుబది యేండ్లకే, వచ్చుచుండును. ఒక స్తనమునకు వచ్చిన పిమ్మట రెండవదానికిని వచ్చుచుండును. ఈ రెండు దెబ్బల సిద్ధాంతమును 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అను అమెరికా వైద్యుడు పసిపిల్లల కంటిలో పుట్టు ఒక కురుపును పరిశీలించి ప్రతిపాదించెను. కంటికి చెప్పినది స్తనమునకును సరిపోయినది.

ఈ జాడను పట్టుటకు శాస్త్రజ్ఞులకు నూఱేండ్లకు మించి పట్టెను. ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా 1866లో తన భార్యయొక్క పుట్టినింటివారి వంశవృక్షమును ప్రకటించెను. 1788 మొదలు 1856 వఱకు గల కాలములో ఆ యింటి స్త్రీలు పదిమంది స్తనపు క్యాన్సరుతో మరణించిరి. ఇది యాదృచ్ఛికము కాజాలదని అతడు గ్రహించెను. కాని అప్పటికి జన్యువను మాటయే లేదు. పిమ్మట చాలకాలము పండితులు దీనిని లెక్కచేయలేదు. ఇంతటి సామాన్యమైన వ్యాధికి ఒక్క జన్యువు కారణమగునా యని వారి సందేహము. మేరీ క్లెయిర్ కింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు 1970 తరువాతి దశకములో మొదలుపెట్టి పట్టువిడువక 23 పెద్ద కుటుంబములను, వారిలో వ్యాధిగ్రస్తులైన 146 మందిని పరిశీలించెను. అన్ని కుటుంబములను కలిపి చూచినపుడు ఏమియు తేలలేదు. చిన్న వయస్సున వ్యాధి వచ్చిన కుటుంబములను వేఱుగా చూచినపుడు మాత్రము లోపము 17వ క్రోమోజోముపై నున్నదని స్పష్టమాయెను. ఈ సంగతిని ఆమె 1990లో ప్రకటించెను. 1994లో మార్క్ స్కోల్నిక్ బృందమువారు బి.ఆర్.సి.ఏ. 1 జన్యువునే పట్టిరి. మఱుసటి సంవత్సరము ఇంగ్లండులో మైకేల్ స్ట్రాటన్ బృందమువారు రెండవదానిని పట్టిరి. వయస్సును బట్టి కుటుంబములను వేఱుచేయుట యను చిన్న ఉపాయముతో పెద్ద తాళము తెఱచుకొన్నది. లెక్కలు నేర్చుకొను విద్యార్థులు ఇది గమనింపదగినది.

ఇప్పుడు మన యిండ్లలో ఎక్కువగా పొరబడు విషయమునకు వచ్చితిని. ఇది ఆడవారి వ్యాధి గనుక తల్లివైపునుండియే వచ్చునని మనవారి తలంపు. వైద్యుడు "మీ యింటిలో ఎవరికైన ఉన్నదా?" యని యడిగినపుడు ఆమె అమ్మను, అమ్మమ్మను, పినతల్లిని తలచుకొని లేదని చెప్పును. తండ్రివైపు అడుగువారును లేరు, చెప్పువారును లేరు. కాని 17వ క్రోమోజోమునకు గాని 13వదానికి గాని స్త్రీపురుష భేదము లేదు. లోపమున్న తండ్రి తన బిడ్డలలో ప్రతివారికిని దానిని ఇచ్చుటకు సగము అవకాశము కలదు; కొడుకైనను సరే, కూతురైనను సరే. తల్లికిని అంతే. ఒక్కొక్క బిడ్డకు వేఱువేఱుగా బొమ్మబొరుసు వేసినట్లు. మొదటి బిడ్డకు వచ్చినదని రెండవ బిడ్డకు తప్పిపోదు.

ఒక కుటుంబమును ఊహింపుడు. ఒక అవ్వ నలుబది యేండ్లకే స్తనమున గడ్డతో చనిపోయినది. ఆమెకు ఒక కొడుకు, ఒక కూతురు. కూతురు పెండ్లియై వేఱొక యింటిపేరులోనికి పోయి, అచ్చట అండాశయపు క్యాన్సరుతో మరణించినది. అది కడుపులో గడ్డయని అందఱును అనుకొనిరి. కొడుకు ఎనుబది యేండ్లు ఆరోగ్యముగా బ్రతికెను. అతని కూతురు మూడవ యింటికి కోడలై పోయినది. ముప్పదియెనిమిదవ యేట ఆమె స్తనమున గడ్డ కనబడినది. ఆ మువ్వురు స్త్రీలలో అవ్వకును మనుమరాలికిని నడుమనున్నవాడు మగవాడు. మేనత్తయు మేనకోడలును ఇప్పుడు వేఱువేఱు ఇంటిపేర్లవారు. పెండ్లిండ్లకు మనము ఇంటిపేరును గోత్రమును చూచి బంధుత్వమును లెక్కించుదుము. ఆ లెక్క తండ్రినుండి కొడుకునకు నడుచును; జన్యువులు ఆ దారిని నడువవు. ఆడపిల్ల అత్తవారింటికి పోయినపుడు ఇంటిపేరును పుట్టినింటనే విడిచిపోవును గాని, అవ్వ యిచ్చిన క్రోమోజోమును విడిచిపోదు. మన కుటుంబములలో ఈ దారము కంటికి కనబడక తెగిపోవుటకు ఇదియే ముఖ్యకారణమని నా యభిప్రాయము.

మగవారికి లోపమున్నను ఏమియు కాదని అనుకొనరాదు. బి.ఆర్.సి.ఏ. 2 లోపమున్న మగవారిలో నూటికి ఆఱేడుగురికి స్తనమందే క్యాన్సర్ రావచ్చును. మగవారికి స్తనపు క్యాన్సరేమిటని నవ్వువారు ఈ మాటను గుర్తుంచుకొనవలెను. ప్రోస్టేట్ గ్రంథికి, క్లోమమునకు వచ్చు క్యాన్సర్లు కూడ అట్టివారిలో ఎక్కువ.

లోపమనగా ఎంత పెద్దది? ఒక్కొక్కప్పుడు రెండే యక్షరములు. బి.ఆర్.సి.ఏ. 1 జన్యువు మొదటనే, 185 అను సంఖ్యగల చోట రెండక్షరములు జారిపోయిన లోపమొకటి మధ్య, తూర్పు ఐరోపాకు చెందిన యూదులలో ప్రసిద్ధము. వారిలో సుమారు 40 మందికి ఒకరికి ఇట్టి మూడు లోపములలో ఏదో యొకటి కలదు. ఆ రెండక్షరముల లోపమే దక్షిణ హిందూదేశపు కుటుంబములలోను కనబడినది. రెండక్షరములు పోయిన మాత్రమున ఇంత అనర్థమేల యని అడుగవచ్చును. పద్యమునకు గణవిభజన చేయు విద్యార్థికి ఇది వెంటనే తోచును. కణము జన్యువును మూడేసి యక్షరములు చొప్పున చదువును. మూడక్షరముల గణములతో నడుచు వృత్తములో మొదట రెండక్షరములు ఎగిరిపోయినచో ఆపైని గణములన్నియు తారుమారగును గదా; అచ్చటను అట్లే. పైగా ఆ తారుమారులో "ఇంతటితో ఆపుము" అను గుర్తు అకాలమున వచ్చిపడును. 1863 ముక్కలతో కూడవలసిన మాంసకృత్తు మొదటనే తునిగిపోవును.

మేనరికములు చేసికొను సీమ గనుక ఒక ప్రశ్న తప్పక వచ్చును: మేనమామను గాని మేనబావను గాని చేసికొనుటవలన ఈ వ్యాధి వచ్చునా? లోపము ఒక్క ప్రతిలోనున్నను చాలును గనుక మేనరికము దీనికి కారణము కాదు. బొత్తిగా పరాయి సంబంధము చేసికొన్నను సగము అవకాశము సగముగనే యుండును. కాని భార్యాభర్తలిద్దఱును ఒకే అవ్వ మనుమలై, ఇద్దఱికిని అదే లోపము దిగియున్నచో, నాలుగింట ఒక వంతు బిడ్డకు రెండు ప్రతులును చెడ్డవి వచ్చుటకు వీలున్నది. బి.ఆర్.సి.ఏ. 1 విషయమున అట్టి పిండము సామాన్యముగా గర్భమందే నిలువదు. బి.ఆర్.సి.ఏ. 2 విషయమున ఫాంకోని రక్తహీనత యను దారుణమైన బాల్యవ్యాధి కలుగును. ఈ సంబంధము 2002లో బయటపడెను. కావున లోపము తెలిసిన కుటుంబమువారు మేనరికమునకు ముందు వైద్యుని సలహా తీసికొనుట మంచిది.

లోపమున్నవారందఱికిని వ్యాధి రాదు. ఎనుబది యేండ్లు వచ్చులోపల, బి.ఆర్.సి.ఏ. 1 లోపముగల స్త్రీలలో నూటికి సుమారు 72 మందికిని, రెండవ లోపముగల వారిలో సుమారు 69 మందికిని స్తనపు క్యాన్సర్ వచ్చునని 2017లో ప్రకటించిన పెద్ద పరిశోధన తేల్చినది. అండాశయపు క్యాన్సర్ మొదటివారిలో 44 మందికి, రెండవవారిలో 17 మందికి. ఇవి ఎక్కువగా పాశ్చాత్య దేశముల కుటుంబములను చూచి వేసిన లెక్కలు. రెండు లోపములవలన పుట్టు కురుపులును ఒకే రీతివి కావు. బి.ఆర్.సి.ఏ. 1 వారి కురుపు చాలవఱకు హార్మోనులకు లోబడనిది, త్వరగా పెరుగునది. అందుచే హార్మోనుల నడ్డగించు మందులు దానికి పనిచేయవు. బి.ఆర్.సి.ఏ. 2 వారి కురుపు సామాన్యమైన స్తనపు క్యాన్సరువలె ఎక్కువగా హార్మోనులకు లోబడును.

మందుల చరిత్రలో మన తెలుగువాని చేయి కలదు. భీమవరమున 1895లో పుట్టి అమెరికాకు పోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలలో ఫోలికామ్లమునకు విరోధులైన మందులను తన సహచరులతో తయారుచేయించెను. ఆయన 1948లో కాలధర్మము నొందెను. ఆ మందులలో నొకటియైన మెథోట్రెక్సేటు స్తనపు క్యాన్సరుపై పనిచేయునని జేన్ రైట్ అను నీగ్రో జాతి వైద్యురాలు 1951లో చూపెను. పిమ్మట చాలకాలము ఈ వ్యాధికి వాడిన ప్రసిద్ధమైన మూడు మందుల కూర్పులో అదియొకటి. ఆ మందు విభాగము చెందు ప్రతి కణమును, మంచిదనక చెడ్డదనక, ఆకలితో మాడ్చును. వెండ్రుకలు రాలుట, నోరు పూయుట ఇట్టి మందులవలననే.

ఇప్పటి మందు వేఱొక యుక్తితో పనిచేయును. ఒక పేట తెగినపుడు బాగుచేయు పార్ప్ అను పనివాడు కణములో కలడు. అతనిని మందుతో కట్టివేసినచో చిన్న తెగుళ్లు పెద్ద తెగుళ్లగును. శరీరమందలి మంచి కణములకు నీరుగంటి యొక్కడైన మిగిలియున్నాడు గనుక అవి వానిని బాగుచేసికొని బ్రతుకును. ఇద్దఱును పోయిన కురుపు కణములు మాత్రము తట్టుకొనలేక చచ్చును. ఏ లోపమువలన కురుపు పుట్టినదో ఆ లోపమే దాని చావునకు దారియగుచున్నది. ఈ సంగతిని 2005లో రెండు బృందములవారు ఒకేమాఱు ప్రకటించిరి. ఓలాపారిబ్ అను నట్టి మందు స్తనపు క్యాన్సరునకు 2018లో అమెరికాలో అనుమతి పొందెను. కావున వ్యాధి వచ్చిన స్త్రీకి జన్యుపరీక్ష చేయించుట ఆమె బిడ్డల కొఱకే కాదు, ఆమె చికిత్స కొఱకును అవసరము.

పరీక్ష కొంచెము రక్తముతోనో ఉమ్మితోనో జరుగును. దానిని ముందుగా ఆరోగ్యముగానున్న కూతురికి గాక, వ్యాధి వచ్చిన తల్లికి చేయవలెను. తల్లిలో లోపము ఫలానా చోటనున్నదని తెలిసిన పిమ్మట, కూతురిలో ఆ యొక్కచోటనే చూచినచో చాలును. అచ్చట లేకపోయినచో ఆ కూతురికి అందఱు స్త్రీలకు ఉన్నంత అపాయమే గాని అంతకు మించి లేదు; ఆమె బిడ్డలకును ఆ దారిని లోపము రాదు. పసిపిల్లలకు ఈ పరీక్ష తగదు. పెద్దవారై తామే నిశ్చయించుకొనవలెను. లోపమున్నదని తేలినవారికి 25వ యేటినుండి ఏటేట ఎం.ఆర్.ఐ. పరీక్ష, 30వ యేటినుండి మామోగ్రామ్ అను ఎక్స్‌రే పరీక్ష చేయుదురు. బిడ్డలు పుట్టిన తరువాత, బి.ఆర్.సి.ఏ. 1 వారికి 35, 40 ఏండ్ల నడుమ, రెండవవారికి కొంత ఆలస్యముగా, అండాశయములను తీసివేయవచ్చును. వ్యాధి రాకముందే రెండు స్తనములను తీయించుకొనువారును కలరు. అందువలన స్తనపు క్యాన్సర్ అపాయము నూటికి తొంబది వంతులు తగ్గును. ఇది చేయించుకొనవలెనని గాని కూడదని గాని ఎవరును ఆమెను నిర్బంధింపరాదు.

సంబంధములు తప్పునని దాచిపెట్టు తల్లులకు ఒక మాట. దాచినంతమాత్రమున లోపము పిల్లలో లేకుండ పోదు; ముప్పదియైదేండ్లకు గడ్డగా బయటపడునపుడు అత్తవారింటికి అది మఱింత భారము. ఎదుటి యింటివారును కోడలి వంశమును వెదకుటకు ముందు తమ మేనత్తలు ఎట్లు పోయిరో విచారించుకొనుట న్యాయము.

మన ప్రాంతమువారికి వేలూరు దూరము కాదు. 1900లో అయిడా స్కడ్డర్ దొరసాని చిన్నదిగా ప్రారంభించిన వైద్యశాల నేడు మహావైద్యశాలయై, అచ్చట జన్యువ్యాధులకు సలహా చెప్పు వైద్యులు కలరు. మద్రాసు అడయారులో 1954లో ముత్తులక్ష్మిరెడ్డిగారు స్థాపించిన క్యాన్సర్ వైద్యశాల, హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేర 1955లో వెలసిన వైద్యశాల తెలుగువారికి చిరపరిచితములే. పోవునపుడు ఒక కాగితము వెంట తీసికొనిపోవలెను. దానిపై నడుమ మీ పేరును, ఒక ప్రక్క తల్లివైపువారిని, రెండవ ప్రక్క తండ్రివైపువారిని మూడు తరముల వఱకు వ్రాయుడు. పెండ్లియై పోయిన మేనత్తలను, పెద్దమ్మలను, చిన్నమ్మలను విడువరాదు. ఎవరెవరికి ఏ వయస్సున గడ్డ వచ్చినది, ఒక వైపా రెండు వైపులా, కడుపులో గడ్డయన్నది ఎచ్చట పుట్టినది, మగవారిలో ఎవరికైన వచ్చినదా యని వ్రాయవలెను. నలుబదియైదేండ్లలోపు వ్యాధి వచ్చినవారి పేరు క్రింద గీత గీయుడు. అవ్వ బ్రతికియున్నచో ఆమెనే అడుగుడు. ఇంటిపేర్లు మాఱిపోయిన ఆడపడుచుల సంగతులు ఆమెకు తెలిసినంతగా ఆ యింటిలో మఱియెవరికిని తెలియవు.